తన మాటకు తానే పూచీ

మిరుగము ప్రవేశించి తొలకరి జల్లు నేలను తడిపిన మరునాడు, జనగామలోగాని మహబూబాబాదులోగాని విత్తనముల దుకాణము నెదుట కొంతసేపు నిలిచి చూచువారికి ఒక దృశ్యము తప్పక కంటబడును. ముప్పది నలుబది యేండ్లుగా అదే భూమిని దున్నుచు, తన చెలకలో ఎచ్చట చౌడు కలదో, ఏ మూల నీరు నిలుచునో, ఏ గట్టుప్రక్క పురుగు ముందుగా పట్టునో నిద్రలో లేపి యడిగినను చెప్పగల రైతు, ఆ దుకాణపు మెట్టెక్కి, "ఏది మంచిదైతే గదే ఇయ్యి సేటూ" అని, ఇచ్చిన సంచిపై నేమి వ్రాసియున్నదో చూడనైన చూడక, భుజమున వేసికొని వెడలిపోవును. ఆరు మాసములు గడచి, పత్తికాయ పగులకనో, మిర్చికి తెగులు తగిలియో పంట చేతికి రానినాడు, ఆ రైతే ఇంటి యరుగుపై చతికిలబడి, "మన రాత గట్లున్నది, ఏం జేస్తం" అని నిట్టూర్చును. విత్తునాడు నిర్ణయము దుకాణదారునిది. కోతనాడు ఫలము విధిది. ఈ రెంటి నడుమ ఆరు నెలలు చెమటోడ్చిన మనుష్యునకు తన బ్రతుకులో తనదని చెప్పుకొనదగిన చోటు ఎంత మిగిలినది?

ఈ మాట రైతును నిందించుటకు చెప్పినది కాదు. నకిలీ విత్తనము అతని తప్పు కాదు; వానలు మొగము చాటువేయుట అతని తప్పు కాదు; పంట యింటికి వచ్చిననాడే ధర పడిపోవుట అంతకన్నను కాదు. వీనినన్నింటిని అతని నెత్తిన రుద్ది, నీ బాధ్యత నీవెరుగవైతివని మందలించువాడు వేదాంతి కాడు, నిర్దయుడు. అదియునుగాక ఈ యలవాటు ఒక్క రైతుకే చెందినదనుటయు న్యాయము కాదు. ప్రక్కింటి పిల్లవాడు చేరినాడని కుమారుని ఏదో కళాశాలలో చేర్చు ఉద్యోగియు, నలుగురేమనుకొందురో యని శక్తికి మించిన అప్పుచేసి కుమార్తె పెండ్లి జరిపించు తండ్రియు, కులపెద్ద సైగచేసిన వైపునకే వోటు వేయు యువకుడును, ముఖమెరుగని యెవరో ఫోనులో చెప్పిన వైద్యమును నమ్మి డాక్టరు వ్రాసిన మందు మానివేయు రోగియు ఒకే త్రోవన నడచువారు. జర్మనీ దేశపు తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1784లో ప్రకటించిన ఒక చిన్న వ్యాసములో, తనకు బదులుగా ఆలోచించు గ్రంథమును, తనకు బదులుగా అంతరాత్మ నరయు మతగురువును, తన పథ్యమును నిర్ణయించు వైద్యుని సంపాదించుకొన్న మానవునికి ఇక శ్రమపడవలసిన పనియే యుండదని, ఇది యెవరో విధించినది కాక అతడు తనకు తాను విధించుకొన్న బాల్యమని విమర్శించియున్నాడు. ఆ రోగము ఏ దేశమునకును కొత్తది కాదు.

ఈ రోగమునకు మన పెద్దలు చెప్పిన చికిత్స పేరు ఆత్మవిచారము. ఆ పేరు వినగానే కాషాయాంబరములు, కొండగుహలు, మూసిన కన్నులు మనస్సునకు తోచుట, సంసారులకు దానితో పనిలేదనుకొనుట మనలో చిరకాలముగా పాతుకొనిపోయిన పొరబాటు. ఆత్మవిచారమనగా లోకమునుండి తప్పుకొనుట కాదు. తన జీవితములోని నిర్ణయములను ఎవరు చేయుచున్నారో వెదకి కనుగొనుట. కనుగొన్న పిమ్మట వానిని తిరిగి తన చేతిలోనికి తీసికొనుట. తీసికొన్న పిమ్మట వాని ఫలమునకు తానే పూచీపడుట. ఇది నా కల్పనము కాదు. 2016 అక్టోబరు 11న ప్రధానముగా పాత వరంగల్లు జిల్లానుండి వేరుపడి ప్రత్యేక జిల్లాలుగా ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల వాఙ్మయమును, క్షేత్రములను, మనుష్యులను కొంచెము నిదానముగా పరికించిన యెడల, ఈ విషయమును ఇంత తేటగా బోధించిన నేల తెలుగుదేశమున మరొకటి కలదా యని నాకు సందేహము కలుగుచున్నది.

జనగామ జిల్లా పాలకుర్తి మండలమున బమ్మెర యను గ్రామము కలదు. 15వ శతాబ్దమున మహాభాగవతమును ఆంధ్రీకరించిన పోతన యింటిపేరు ఆ యూరి పేరే. ఆయన దున్నిన పొలమిది, నీరు తోడిన బావి యిది, సమాధి యిది యని గ్రామస్థులు నేటికిని చూపుదురు. కడప మండలమునందలి ఒంటిమిట్టవారు ఆయన తమవాడని వాదింతురు; ఆ వివాదముతో నాకిప్పుడు పనిలేదు, అంతటివానిని తమవాడనుకొనుటకు ఇరువురు పోటీపడుట సంతోషింపదగిన విషయమే. ఆయన భాగవతమును ఏ రాజునకును అంకితము చేయలేదని తెలుగు పిల్లలందరికిని తెలియును. ఆ కాలమున కావ్యమును రాజునకు అంకితమిచ్చుట లజ్జాకరమైన కార్యము కాదు. అది కవియొక్క జీవనోపాధి, పండితలోకపు మర్యాద. అట్టి మర్యాదను కాదని, అధములైన ప్రభువులచేతిలో పెట్టి ఊళ్ళను, వాహనములను, ధనమును పుచ్చుకొని, దేహము విడిచిన పిదప కాలుని సమ్మెటదెబ్బలకు పాలగుటకంటె, శ్రీహరికే సమర్పించి లోకహితముగా చెప్పుట మేలని ఆయన ప్రకటించిన పద్యము మనవారికి కంఠస్థము. ఆ పద్యమున అందరి దృష్టియు రాజులను తిరస్కరించిన ధైర్యముపై నిలుచును. నా దృష్టి మాత్రము మరి రెండు విషయములపై నిలుచుచున్నది. ఒకటి, ఆయన తన యింటిపేరుతో సహా తన పేరును ఆ పద్యములోనే ఉంచినాడు. ఈ నిర్ణయము చేసినవాడు ఫలానావాడని, అడుగదలచినవారు తన్నే యడుగవచ్చునని చెప్పినట్లుగా. రెండవది, లెక్క చెప్పవలసిన చోటు ఒకటి కలదని, అది రాజసభ కాదని ఆయనకు స్పష్టముగా తెలిసియుండుట.

ఇంతటి నిబ్బరము ఎచ్చటినుండి వచ్చినదని యడిగినచో, భాగవత పీఠికయే సమాధానము చెప్పుచున్నది. చంద్రగ్రహణమునాడు నదీస్నానము చేసి, ఇసుకతిన్నెపై కూర్చుండి, కన్నులు అరమోడ్చి ఆయన ధ్యానించినది మహేశ్వరుని, దర్శనమిచ్చినది శ్రీరామచంద్రుడు. పోతన శైవకుటుంబమున పుట్టి, వీరశైవ గురువైన ఇవటూరి సోమనారాధ్యుని యాశ్రయించి, వీరభద్రవిజయమును రచించినవాడు. శివుని తలచిన కన్నులకు రాముడు కనబడినప్పుడు, ఇది నా గురువు చెప్పినది కాదు, నా యింటి యాచారము కాదు అని తోసివేయుట ఆయనకు సులభముగానుండెడిది. ఆయన అట్లు చేయలేదు. తాను ఎదురుచూచినదానిని గాక తనకు కనబడినదానిని అంగీకరించినాడు. ఆత్మవిచారమున మొదటి నిజాయితీ యిదియే. లోనికి చూచువాడు ముందుగా అనుకొన్న దానినే చూడవలెనని పట్టుబట్టరాదు.

అంతటితో ఆగక, ఆ దర్శనమైన వెనుక ఆయన ఏకశిలానగరమునకు వచ్చి, గురువులయు వృద్ధులయు పండితులయు బంధువులయు అనుమతి గైకొని రచనకు పూనుకొన్నట్లు ఆ పీఠికయందే చెప్పుకొనినాడు. ఈ వాక్యమును మనవారు సాధారణముగా చదువక దాటిపోవుదురు. నాకిది మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. లోపలి ఆదేశము లభించినది గనుక ఇక ఎవరి మాటయు వినననుట స్వాధికారము కాదు, అహంకారము. పెద్దలను అడుగుట వేరు, పెద్దలకు తన్ను అప్పగించుకొనుట వేరు. మరియు తన రచనకు హద్దును సైతము ఆయన ముందే చెప్పివేసినాడు: విబుధులచెంత ఆలకించినదియు, తాను స్వయముగా చూచినదియు, తన బుద్ధికి బోధపడినదియు ఎంత కలదో అంతమాత్రమే విశదము చేయుదునని. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పనని ఇంత వినయముగా మాట ఇచ్చినవాడే, తెలిసినదానిని ఏ ప్రభువునకును అమ్మనని అంత గట్టిగా చెప్పగలిగినాడు. ఆ వినయమును ఆ గట్టితనమును ఒకే వేరునుండి పుట్టినవని గ్రహింపనివారికి పోతన అర్ధభాగమే లభించును.

ఇచట ఒక యాక్షేపణ వచ్చును. పలుకువాడు తానైనను పలికించువాడు రాముడని పోతన చెప్పుకొనెను గదా, ఇది బాధ్యతను దేవునిపైకి నెట్టివేయుట కాదా యని. కాదని నా నిశ్చయము. బాధ్యతను నెట్టివేయువాడు ఆ నెట్టుటవలన ఏదో యొక సుఖము పొందును. శ్రమ తగ్గును, నింద తప్పును, లేదా నాలుగు రూకలు చేతబడును. పోతనకు రాముని పేరు చెప్పుటవలన కలిగినది రాజాశ్రయము పోవుట, పరంపరగా చెప్పుకొను ప్రకారము మేడి పట్టి దున్నుకొని బ్రతుకవలసివచ్చుట. భగవంతునకు సమర్పించుకొన్నవాడు నిజముగా సమర్పించుకొన్నాడో, తప్పించుకొనుచున్నాడో తెలిసికొనుటకు ఇంతకు మించిన గీటురాయి నాకు కనబడలేదు: ఆ సమర్పణమువలన అతని పని పెరిగినదా, తగ్గినదా?

భాగవతమునందలి పాత్రలను ఈ దృష్టితో మరల చూచిన యెడల ఆశ్చర్యము కలుగును. సప్తమస్కంధమున హిరణ్యకశిపుడు సమస్త లోకములను గెలిచి, తన్ను మించిన అధికారము లేదని ప్రకటించినవాడు. అతని కుమారుడు, ఇంకను పాఠశాలలో అక్షరములు దిద్దుచున్న ప్రహ్లాదుడు, తండ్రికి చెప్పిన సమాధానమేమి? లోకములన్నియు గడియలో జయించితివి గాని, నీ యింద్రియములను చిత్తమును జయింపలేకపోయితివి. నిన్ను బంధించినవారు బయట లేరు, లోననే యున్నారు, వారిని గెలిచిననాడు నీకు లోకమున శత్రువే యుండడు, అని. కోపము ఆజ్ఞాపింపగా కదలువానిని, భయము ఆజ్ఞాపింపగా చంపువానిని స్వతంత్రుడని యెట్లు పిలువగలము? తన యిష్టమువచ్చినట్లు చేయుటయే స్వాధికారమని భ్రమించువారికి, ఆ యిష్టము ఎవరిదో ముందు విచారింపుమని ఆ బాలుడు చెప్పినట్లయినది.

ఆ ప్రహ్లాదుని మనుమడు బలి. తాతకు చదువు చెప్పలేక భంగపడిన చండామార్కులు శుక్రాచార్యుని పుత్రులు. మనుమని మార్చలేక భంగపడినవాడు శుక్రాచార్యుడే. రెండు తరముల గురువులు రెండు తరముల శిష్యుల యెదుట ఓడిపోయిన ఈ సంవిధానము నా మనస్సును పలుమార్లు ఆకర్షించినది. అష్టమస్కంధమున వామనుడు మూడడుగులు యాచించినాడు, బలి ఇత్తుననినాడు. అప్పుడు శుక్రుడు, వచ్చినవాడు సాక్షాత్తు విష్ణువని, ఇచ్చిన సర్వస్వము పోవునని, ప్రాణము, ధనము, మానము పోవు సందర్భములలో బొంకిన దోషము లేదని హెచ్చరించినాడు. బలి ప్రత్యుత్తరము ఎట్లు ప్రారంభమగునో చూడుడు. గురువు పొరబడినాడని అతడనలేదు. మీరు చెప్పినది సత్యమే, గృహస్థధర్మమదియే, అని ముందు అంగీకరించినాడు. అంగీకరించి, అయినను ఇత్తునన్న మాట నాది గనుక లేదనలేననినాడు. రాజ్యములేలిన రాజులెందరో గతించిరి, పోవునప్పుడు ఎవ్వరును సిరిని మూటగట్టుకొని పోలేదని గుర్తుచేసినాడు. గురువు కోపించి శపించినాడు. బలి ఆ శాపమును స్వీకరించినాడు, ధార విడిచినాడు, మూడవ అడుగునకు చోటు లేనప్పుడు తన శిరస్సును చూపినాడు. గురువును ధిక్కరింపక, ఆయన జ్ఞానమును తక్కువచేయక, నష్టము తనకేయని తెలిసియు, నిర్ణయమును తనయొద్దనే యుంచుకొన్న ఈ నడవడిని మన యిండ్లలో తల్లిదండ్రులు పిల్లలకు ఎంత విపులముగా చెప్పినను తక్కువయే. పెద్దలమాట కాదనుట యనగానే గొంతు హెచ్చించుట, తలుపు దబాలున మూయుట అను తలంపు మన యువకులలో కలదు. పెద్దలు చెప్పినట్లు చేయుట యనగానే తమ యంతరాత్మను చంపుకొనుట యను తలంపును కలదు. బలి ఈ రెండును చేయలేదు.

భగవద్గీతయు పదునెనిమిది అధ్యాయములు బోధించి, కడపట అర్జునునితో, చెప్పవలసినది చెప్పితిని, దీనిని సమగ్రముగా విమర్శించి నీకు తోచినట్లు చేయుమనియే చెప్పినది. సాక్షాత్తు భగవంతుడు సారథియై యుండి కూడ శిష్యుని నిర్ణయాధికారమును తాను పుచ్చుకొనలేదు. భాగవత ఏకాదశస్కంధమున యదురాజు ఒక అవధూతను, ఇంత నిశ్చింత నీకెట్లు కలిగినదని ప్రశ్నింపగా, ఆతడు భూమి, గాలి, ఆకాశము, కొండచిలువ, తేనెటీగ మొదలగు ఇరువదినలుగురు గురువులను పేర్కొనును. ఈ గురువులలో ఏ యొక్కరును అతనికి మంత్రమీయలేదు, నన్ను సేవింపుమనలేదు. చూచినదియు, నేర్చినదియు, ఏది గ్రహింపవలెనో ఏది విడువవలెనో నిర్ణయించినదియు అవధూతయే. మనుష్యునకు తన యాత్మయే విశేషముగా గురువని ఆ సందర్భముననే చెప్పబడియున్నది. ఈనాడు మనకు లభించు ప్రతులలో ఆ స్కంధమును తెనిగించినవాడు పోతన కాక వెలిగందల నారయ. పోతన ప్రతిలో కొంత భాగము శిథిలమైపోగా అయిదవదానిని గంగన, ఆరవదానిని సింగన, చివరి రెండింటిని నారయ పూరించిరి.

పోతనకు పూర్వమే అదే పాలకుర్తి గడ్డపై ఈ విచారము మరియొక రూపమున వెలువడినది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును పండితుల వృత్తములను త్రోసిపుచ్చి, పామరుడు సైతము పాడుకొనదగిన ద్విపదలో రచించినాడు. అందు బాలుడైన బసవడు తనకు ఉపనయనము వలదని తండ్రితో వాదించి, ఇల్లు వెడలిపోవును. వీరశైవుడు ధరించు ఇష్టలింగమును ఒకసారి సమీపమునుండి చూడుడు: అది గర్భాలయములో లేదు, తాళముచెవి ఎవరి మొలనో లేదు, మెడనుండి వ్రేలాడు చిన్న కాయలో ఉండి, పూజావేళ సాధకుని ఎడమ అరచేతిలోనికి వచ్చును. చాకలియైనను, మాదిగయైనను, స్త్రీయైనను, తన దేవుడు తన చేతిలో నున్నాడు, నడుమ నిలుచుటకు అన్యునకు చోటు లేదు. ఆ భక్తులు చేతిలో లింగముతోపాటు తమ వృత్తిని కూడ విడువలేదు. వారికి కాయకము పూజతో సమానము. దేవునితో నేరుగా మాటలాడు అధికారమును, తన కూడు తాను సంపాదించుకొను బాధ్యతను ఒకేచోట కట్టిన ఈ మార్గమును సోమనాథుడు జానుతెనుగున చెప్పినాడు. ఆ పాలకుర్తిలోనే, ఎన్నో శతాబ్దములకు పిదప, నిజాము పాలనాకాలమున, చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన భూమిలోని పంటను విసునూరు దేశముఖునకు వదలననినది. అది ఆత్మవిచారమని నేననను. ఆమె వెనుక సంఘము కలదు, ఉద్యమము కలదు. కాని ఈ పంట నాదియను మాటను వేయిమంది పలుకుటకు ముందు, ఒకరు తమ గుండెలో తాము పలుకుకొనక తప్పదు.

మన కాలమునకు వత్తము. 1896 జూలైలో మదురైలో పదునారేండ్ల బాలునకు హఠాత్తుగా మరణభయము కలిగినది. ఎవరిని పిలువక, వైద్యుని రప్పింపక, అతడు నేలపై శవమువలె పరుండి, చచ్చునది యెవరని తన్ను తానే ప్రశ్నించుకొన్నాడు. ఆ బాలునికి భగవాన్ రమణమహర్షి యని పేరు పెట్టినవాడు మన బొబ్బిలి ప్రాంతపు కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతిముని, అది 1907. సంఘమునందలి ప్రతి యధికారమును ఎదిరించి వ్రాసిన గుడిపాటి వెంకటచలము 1950లో ఆ మహర్షి నెలకొన్న తిరువణ్ణామలై చేరి, 1979లో మరణించువరకు అచటనే నిలిచిపోయెను. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని జగద్గురువుగా ప్రతిష్ఠించుటకు ఒక అంతర్జాతీయ సంస్థయే ఏర్పడియుండగా, 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్‌లో వేలకొలది అనుయాయుల యెదుట ఆయన ఆ సంస్థను రద్దుచేసి, సత్యమునకు ఏ సంఘమును దారి వేయజాలదని, తనకు శిష్యులు వలదని ప్రకటించినాడు. గురుపీఠము వెదకుకొనుచు తనయొద్దకు వచ్చినప్పుడు దానిని వలదన్నవాడు తెలుగువాడగుట మనకు గర్వకారణము. గురువులు, స్వాములు, వాస్తుపండితులు, జాతకముల కంప్యూటర్లు వీధివీధిన వెలసిన ఈ దినములలో ఆయన ఉదాహరణము మరింత అవసరము. నేను గురువులు వలదనను. ప్రశ్నించిన శిష్యుని చూచి సంతోషించువాడు గురువు, కోపించువాడు వ్యాపారి యని మాత్రము చెప్పుదును.

సరే, సామాన్యుడు దీనినెట్లు ఆచరించును? భూపాలపల్లి సింగరేణి గనులలో, కార్మికులు పనిచేయు చోట పైకప్పు సురక్షితముగా నున్నదో లేదో మైనింగ్ సర్దారు పరీక్షించి చూచును. కర్రతో తట్టి, శబ్దమును చెవియొగ్గి వినును. గట్టి రాయి ఒక విధముగా మ్రోగును, లోన బీటవారినది మరొక విధముగా బొల్లున పలుకును. నిన్నటి షిఫ్టువారు బాగున్నదనిరి గదా యని అతడు ఊరకుండరాదు. చట్టము ఆ పనిని అతనిపై పెట్టినది, పదిమంది ప్రాణములు అతని చెవిపై ఆధారపడియున్నవి. ఆత్మవిచారమన్నది సరిగా ఇట్టిది. రాత్రి పడుకొనబోవు ముందు ఆ దినమున తాను చేసిన ఒక్క నిర్ణయమును తీసికొని తట్టి చూచుకొనవలెను. ఈ మాట నేనే అన్నానా, నా భయమన్నదా? ఈ కొనుగోలు నా యవసరమా, ఎదురింటివాని కన్నులకొరకా? ఆ కోపము ఎవరిది, పొద్దున్న ఆఫీసులో నన్ను తిట్టినవానిదా, సాయంత్రము ఇంట నేను తిట్టిన పిల్లదానిదా? బొల్లుగా పలికినచోట దిగులుపడవలసిన పనిలేదు. అచ్చట ఆనిక పెట్టవలెను, అంతే.

ఇట్లు విచారించుకొనువానికి, తనది కానిదానినుండి తనదానిని వేరుచేయుట అలవడును. వాన తనది కాదు, విత్తనపు సంచిపైనున్న అక్షరములు చదువుట తనది. ధర తనది కాదు, రసీదు అడిగి తీసికొనుట, మోసపోయిన నాడు నలుగురితో కలిసి అధికారివద్దకు పోవుట తనది. తండ్రి చేసిన అప్పు తన తప్పు కాదు, దానిని దాచిపెట్టి కుమారునిపై వేయకుండుట తనది. రాత యనునది లేదని నేను వాదింపను. కాని తాను చేయగలిగినదంతయు చేసిన పిమ్మట మిగిలినదానికే ఆ పేరు పెట్టవలెను, ముందుగా పెట్టరాదు. ఇంతవరకు విచారించినవానిలో నిరాశయు తగ్గును, పరనిందయు తగ్గును. తన నెత్తిపై లేని బరువును దించివేసినవాడు తనదైన బరువును నిటారుగా మోయగలడు. ఆత్మహత్యల వార్తలు చదివి బాధపడు మనకు ఇది చిన్న విషయము కాదు. అయినను మనస్సు మిక్కిలి కుంగినవానికి విచారము చేయుమని బోధించి వదలివేయరాదు, అతనిని వైద్యునియొద్దకు తోడుకొనిపోవలెను, సాయమడుగుటయు బాధ్యతయే.

మహబూబాబాదు జిల్లా చినగూడూరులో 1928లో జన్మించిన దాశరథి రంగాచార్యుల జీవితమును ఇచట తలపకుండ ఉండలేను. సంప్రదాయ వైష్ణవకుటుంబమున పుట్టి, యౌవనమున నిజాము పాలనపై తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొని, ఆ పాలన క్రింది గ్రామములను ఏలిన దొరలను, అధికారులను చిల్లర దేవుళ్ళని పేరు పెట్టి నవల వ్రాసినవాడు ఆయన. మానవుడు తన భయముతో తానే చేసికొన్న దేవతలకు అంతకన్న తగిన పేరు నాకు తోచదు. అట్టి విప్లవకారుడు వార్ధక్యమున నాలుగు వేదములను తెలుగు వచనముగా అనువదించినాడు. కొందరు దీనిని మార్పనిరి, కొందరు విరోధమనిరి. నా దృష్టిలో ఇది ఒకే విచారము కొనసాగుట. పుట్టుకతో వచ్చిన వేదమును ఒకప్పుడు ప్రక్కకు పెట్టి, జీవితమును తన కన్నులతో చూచి, పిమ్మట ఎవరి యాజ్ఞయు లేకుండ తన కోరికతో దానిని తెరచినవాడు, తండ్రితాతల చేతినుండి కాక తన చేతులతో దానిని పొందినాడు. 2015లో ఆయన కన్నుమూసినారు. జీవనయానము అను ఆయన ఆత్మకథను ఈ సీమలోని యువకులు తప్పక చదువదగును.

ఇక భూపాలపల్లి జిల్లా మహాదేవపూర్ మండలమునందలి కాళేశ్వరము. ప్రాణహిత గోదావరితో కలియు చోట, అంతర్వాహినిగా సరస్వతి కూడినదని భక్తులు నమ్ము సంగమతీరమున వెలసిన ఈ ఆలయము, శ్రీశైల ద్రాక్షారామములతో కలిసి త్రిలింగదేశమునకు ఒక హద్దు. 2025 మే మాసమున సరస్వతీ పుష్కరములకు జనము వెల్లువగా వచ్చిన దిచటికే. గర్భాలయమున ఒకే పానవట్టముపై రెండు లింగములు కలవు. ఒకటి కాళేశ్వరుడు, అనగా యముడు. రెండవది ముక్తీశ్వరుడు, శివుడు. స్థలపురాణమిది: ముక్తీశ్వరుని దర్శించిన ప్రతివానికిని ముక్తి లభించుచుండగా, యమునికి పనిలేకపోయినది, అతడు మొరపెట్టుకొనగా శివుడు, నా ప్రక్కనే నీవును ప్రతిష్ఠితుడవు కమ్ము, ముందు నిన్ను పూజింపక నన్ను పూజించినవానికి ముక్తి లేదని అనుగ్రహించెను. నేటికిని అర్చన మొదట కాళేశ్వరునికి, ఆ పిదపనే ముక్తీశ్వరునికి. చేసినదానికి లెక్క యడుగువానిని దాటి విముక్తి నిచ్చువానియొద్దకు అడ్డదారి లేదని, ఒక్క రాతిపీఠముపై ఇంత సూటిగా చెప్పిన శిల్పమును నేను మరెచటను చూడలేదు. పోతన భాగవతమును రాజునకు ఇయ్యకుండుటకు చెప్పిన కారణమును కాలుని సమ్మెటయే గదా.

కాని యాత్రికుల తొందర ఎట్లుండునో మనము ఎరిగినదే. మొదటి లింగముపై నాలుగు పూలు విసరి, చూపును అప్పటికే రెండవదానిపై నిలిపి, ముక్తీశ్వరుని లింగమునందలి రంధ్రములలో పోసిన నీరు సంగమమునకు ఎట్లు చేరునో యని వింతగా చెప్పుకొనుచు వెలుపలికి వచ్చెదము. ఇకముందు కాళేశ్వరము వెళ్ళు చదువరులు ఆ మొదటి లింగము నొద్ద కొంత తడవు నిలువవలెనని నా ప్రార్థన. గడచిన సంవత్సరములో తాము చేసిన నిర్ణయములలో తమవేవో, ఇతరులకు వదలివేసిన వేవో అచ్చట ఒక్కొక్కటిగా తలచుకొని, వదలివేసినవానిలో కనీసము ఒక్కదానిని ఆ సంవత్సరము తిరిగి తీసికొందునని తమకు తాము చెప్పుకొని, ఆ తరువాతనే ముక్తీశ్వరుని వైపు తిరుగుదురుగాక.